జీతం లేని కమిటీ పనికి మా బిడ్డ ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది కాజీపేట. సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా బిడ్డ కాకతీయ యూనివర్సిటీలో ఎంబీఏ ఫైనాన్స్ చేసి, హైదరాబాద్‌లో ఒక విదేశీ బ్యాంకు ఆఫీసులో క్రెడిట్ రిస్క్ విభాగంలో, అంటే ఇచ్చిన అప్పు తిరిగి రాకపోయే ప్రమాదాన్ని లెక్కేసే చోట, రెండేళ్లుగా చేస్తోంది. రిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎఫ్‌ఆర్‌ఎం అనే పరీక్ష ఉంది, దాని పార్ట్ 1 పాసైంది, పార్ట్ 2 నవంబర్‌లో రాస్తుందట. ఇప్పుడు ఏదో అంతర్జాతీయ రిస్క్ మేనేజ్‌మెంట్ సంఘం వాళ్లు సభలు ఏర్పాటు చేసే తమ ప్రోగ్రామ్ కమిటీలో ఏడాది పనిచేయమని అడిగారట. పైసా ఇవ్వరు. నెలకో మీటింగు రాత్రిపూట ఫోన్‌లో, పైగా కొన్ని శనివారాలు పోతాయి. 'ఇదేం కొలువు బిడ్డా, వెట్టి కాకపోతే' అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ టైమేదో గవర్నమెంటు బ్యాంకు పరీక్షకు పెడితే మంచిది కదా?

జవాబు: అన్నా, ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చెప్తాను. ఒప్పుకోమనండి. కాకపోతే ఏ పని తన చేతికి ఇస్తున్నారో గట్టిగా అడిగి, తేల్చుకున్నాకే ఒప్పుకోమనండి. 'ముందు కమిటీలోకి రండి మేడం, పని తర్వాత చూద్దాం' అన్నారంటే మాత్రం అక్కడికక్కడే దండం పెట్టి బయటికి వచ్చేయమనండి.

మీ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. సంఘం అనగానే మనకు గుర్తొచ్చేది హన్మకొండ చౌరస్తాలో ఫ్లెక్సీ, దాని నిండా ఫొటోలు, ఒక సన్మానం, రెండు శాలువాలు. రిస్క్ సంఘాల్లో కూడా ఆ బాపతు మనుషులు ఉంటారు, ఫ్లెక్సీ బదులు లింక్డిన్‌లో పెట్టుకుంటారు, అంతే తేడా. కానీ ఈ సంఘాలు నడిచే పద్ధతి కొంచెం వేరు. మీ బిడ్డ రాస్తున్న ఎఫ్‌ఆర్‌ఎం పరీక్ష పెట్టే గార్ప్ 1996లో మొదలైంది, పీఆర్‌ఎం అనే ఇంకో పరీక్ష పెట్టే ప్రిమియా 2002లో వచ్చింది. ఇలాంటి సంఘాలకు హెడ్ ఆఫీసులో జీతం తీసుకునే సిబ్బంది ఉంటారు గానీ, ఊళ్లలో ఉండే చాప్టర్లను, అంటే స్థానిక శాఖలను, నడిపేది అక్కడి బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో, ఆడిట్ సంస్థల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. పగలు ఆఫీసు, సాయంత్రం ఇది. చాప్టర్‌లో అందరికంటే పెద్ద హోదాలో ఉన్నాయనకు కూడా దీనికి రూపాయి రాదు, సభ రోజు ఆయన కూడా కుర్చీలు జరుపుతాడు. వెట్టి అంటే ఒకడు కూర్చుని ఇంకొకడితో చేయించుకోవడం కదా, ఇక్కడ కూర్చునేవాడంటూ లేడు. లేడంటే, ఉండకూడదు. ఉంటే ఏం చేయాలో కింద చెప్తాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ బిడ్డ చేస్తున్న పనిలో ఒక చిక్కుంది, దాని గురించి ఈ వయసు పిల్లలు ఆలోచించరు. మీరు బ్యాంకులో చేశారు కాబట్టి మీకు వెంటనే అర్థమవుతుంది: ఎవరి లోను ఎందుకు ఆపారో, ఏ ఖాతా మొండిబాకీ కాబోతుందో బయట ఎప్పుడైనా చెప్పారా? చెప్పరు. ఆమెది కూడా అంతే, ఇంకా ఎక్కువ. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి వ్యాపారి మిర్చి రైతుకు అడ్వాన్సు ఇచ్చేముందు పోయినేడు తిరిగి కట్టాడా, ఎన్ని ఎకరాలు, నీళ్లున్నాయా అని మనసులో లెక్కేసుకుంటాడే, ఆ లెక్కనే ఈమె లక్షల మంది ఖాతాల మీద కంప్యూటర్‌లో వేస్తుంది, అప్పు తీసుకున్నవాళ్లలో ఏడాదిలోపు ఎవరు కట్టలేకపోతారో దాని సంభావ్యత ఎంతో తేలుస్తుంది. బహుశా అది కూడా మొత్తం కాదు. ఆ లెక్క వేసే మోడల్ కట్టేది ఒక టీమ్, దాన్ని పరీక్షించేది ఇంకో టీమ్, ప్రతి నెలా డేటా సరిగ్గా వచ్చిందో లేదో చూసేది మరో టీమ్. ఈమె వాటిలో ఒక ముక్కలో ఉంటుంది. ఆ ముక్కలో ఎంత గొప్పగా చేసినా, ఎక్కడ తప్పు పట్టి బ్యాంకుకు ఎంత మిగిల్చినా, రేపు ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో నోరు విప్పి చెప్పడానికి లేదు. ఫైలు చూపించడానికి లేదు, స్క్రీన్ షాట్ తీయడానికి లేదు. తీస్తే ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా.

అందుకే హైదరాబాద్‌లో రెండు మూడేళ్లు రిస్క్‌లో చేసినవాళ్ల రెజ్యూమెలు పది పక్కపక్కన పెడితే అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. అవే సాఫ్ట్‌వేర్ల పేర్లు, అవే లెక్కల పేర్లు: శాస్, పైథాన్, పీడీ, ఎల్‌జీడీ, స్ట్రెస్ టెస్టింగ్. ఇంటర్వ్యూ చేసేవాడికి ఎవరు పనిమంతులో, ఎవరు పక్కనోడి పని చూసి నేర్చుకున్న మాటలు చెప్తున్నారో తెలియదు. కమిటీ పని అలా కాదు, బయటి పని, బాహాటంగా చేసేది. ఎవరికైనా చెప్పొచ్చు, చూపించొచ్చు, పైగా పక్కన కూర్చుని చూసినవాళ్లు ఉంటారు, ఆ చూసినవాళ్లలో వేరే బ్యాంకుల రిస్క్ హెడ్‌లు కూడా ఉంటారు. మీ బిడ్డకు ఈ ఏడాదిలో దక్కేది అదే. సర్టిఫికెట్ కాగితం కాదు, ఫొటో అంతకన్నా కాదు.

పని ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూద్దాం. వాతావరణ మార్పు వల్ల బ్యాంకులకు వచ్చే రిస్క్ మీద ఒక సభ పెట్టాలనుకున్నారు అనుకోండి. టాపిక్ అనుకోవడం తేలిక, పది నిమిషాల పని. స్పీకర్‌గా ఒక బ్యాంకు ఆఫీసర్‌ను అడుగుతారు, ఆయన 'తప్పకుండా' అంటాడు. ఇక్కడే కొత్తవాళ్లు పప్పులో కాలేస్తారు. ఆయన తప్పకుండా అన్నంత మాత్రాన రావడం కాదు, వాళ్ల బ్యాంకులో నిబంధనలు చూసే కాంప్లయన్స్ వాళ్లు, ప్రచార విభాగం వాళ్లు ఒప్పుకోవాలి, స్లైడ్లు వాళ్లు చూడాలి, 'ఇవి నా సొంత అభిప్రాయాలు, నా సంస్థవి కావు' అని ముందు పేజీలో రాయాలి. ఆ అనుమతి రావడానికి వారాలు పడుతుంది. ఒక్కోసారి సభకు రెండు రోజుల ముందు రాదని తేలుతుంది. అందుకని రెండో స్పీకర్‌ను ముందే అడిగి పెట్టుకోవాలి, కానీ ఆయనకు తాను రెండోవాడినని అనిపించకుండా అడగాలి. హాల్ ఏదో కంపెనీ ఉచితంగా ఇస్తుంది, వాళ్ల గేటు దగ్గర సెక్యూరిటీకి వచ్చేవాళ్ల పేర్ల జాబితా ముందురోజే పోవాలి, లేకపోతే సభ మొదలయ్యే వేళకు రిస్క్ నిపుణులంతా గచ్చిబౌలి ఎండలో గేటు బయట నిలబడతారు. ఉచిత సభకు పేరిచ్చినవాళ్లంతా రారు కాబట్టి సమోసాలు ఎన్ని చెప్పాలో అదొక అంచనా. నవ్వొస్తుంది గానీ, ఏది తప్పిపోవచ్చు, తప్పితే ఏం చేయాలి అని ముందే రాసిపెట్టుకోవడమే కదా ఆమె చదువుకున్నది, రిస్క్ మేనేజ్‌మెంట్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 31000 పుస్తకం చెప్పేది కూడా తిప్పి తిప్పి అదే.

మరి ఏ పని అడగాలి? నన్నడిగితే మొదటి ఏడాది రెండే రెండు. ఒకటి, పైన చెప్పినట్టు ఒక సభను మొదటి మెయిల్ నుంచి చివరి థాంక్యూ వరకు తానే నడపడం. రెండోది మీటింగ్ మినిట్స్ రాయడం, అంటే మీటింగులో ఏం అనుకున్నారో రాసి అందరికీ పంపడం. మినిట్స్ అంటే అందరూ తప్పించుకునే పని, గుమాస్తా పని అనుకుంటారు, అందుకే అడిగితే వెంటనే ఇచ్చేస్తారు. నా దృష్టిలో కమిటీలో అన్నిటికన్నా పదునైన కుర్చీ అదే. 'స్పీకర్‌తో మాట్లాడాలని నిర్ణయించారు' అని రాసిన మినిట్స్ చెత్తబుట్టకే. ఎవరు మాట్లాడాలి, ఏ తారీఖు లోపు, కుదరకపోతే ఎవరికి చెప్పాలి, ఈ మూడూ ప్రతి లైన్‌లో ఉన్నాయా అని చూసుకుని, మీటింగ్ అయిన మర్నాడు పొద్దున్నే పంపించే అమ్మాయి ఎవరా అని మూడో నెలకల్లా అందరూ అడుగుతారు. సీనియర్లకు కూడా ఆమె పేరు మీద మెయిల్ రాగానే చేయాల్సిన పని గుర్తొస్తుంది. నాకు తెలిసిన జగిత్యాల పిల్ల ఒకామె ఇలాగే మినిట్స్‌తో మొదలుపెట్టింది, మాట తక్కువ, ఇంగ్లిష్‌లో తడబాటు, రాత మాత్రం కత్తి. ఏడాది తిరిగేసరికి కమిటీలోని ఒకాయన తన టీమ్‌లో ఖాళీ వచ్చినప్పుడు తానే ఫోన్ చేసి అప్లై చేయమన్నాడు. ఉద్యోగం ఇవ్వలేదు, అప్లై చేయమన్నాడు. ఇంటర్వ్యూలు మూడు రౌండ్లు ఆమె మామూలుగానే దాటింది.

వద్దనాల్సిన పనులు కూడా ఉన్నాయి. స్పాన్సర్లను వెతకడం, అంటే చందాలు అడగడం, మొదటి ఏడాదే వద్దు, రిస్క్ విభాగంలో పనిచేసే చిన్న ఉద్యోగి సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక వెండర్ దగ్గర డబ్బులు అడిగితే రేపు అదే వెండర్ సాఫ్ట్‌వేర్ తన బ్యాంకుకు వచ్చినప్పుడు సంజాయిషీ చెప్పుకోవాలి. పోస్టర్లు చేయడం, సభ్యత్వాలు పెంచడం, వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌కు దండం పెట్టడం, వీటికి సమయం పోతుంది, చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. పరీక్ష ప్రశ్నలకు సంబంధించిన ఏ పనిలోకీ పార్ట్ 2 అయ్యేదాకా తొంగి కూడా చూడొద్దని చెప్పండి, పరీక్ష రాసేవాళ్లు అటు పోతే అది నేరుగా స్వప్రయోజనాల సంఘర్షణ. ఇక పైన అన్నాను కదా, ఒకాయన కూర్చుని చిన్నవాళ్లతో చేయించుకుని తన పేరు వేసుకునే రకం అయితే ఏం చేయాలని. గొడవ అక్కర్లేదు. తాను చేసిన ప్రతి పని మీద ఒక చిన్న మెయిల్ కమిటీ మొత్తానికి పెడుతుండాలి, 'హాల్ ఖరారైంది, పేర్ల జాబితా పంపించాను' అని రెండు లైన్లు. ఏడాది తర్వాత మళ్లీ అడిగితే 'వీలు కాదు సార్' అనాలి. అంతే.

ఇంకో లాభం ఉంది, దీని గురించి మీరు ఆలోచించి ఉండరు. ఈమె క్రెడిట్ రిస్క్‌లో ఒక ముక్కలో ఉందన్నాను కదా, మార్కెట్ ధరలు మారితే వచ్చే నష్టం చూసే మార్కెట్ రిస్క్ వాళ్లు, పనిలో పొరపాట్లు, మోసాల వల్ల వచ్చే నష్టం చూసే ఆపరేషనల్ రిస్క్ వాళ్లు పక్క బిల్డింగ్‌లో ఉన్నా వాళ్లు ఏం చేస్తారో ఆమెకు తెలియదు. కమిటీలో వాళ్లంతా ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. పైగా విదేశీ బ్యాంకుల సెంటర్లు మాత్రమే రిస్క్ ఉద్యోగాలు ఇస్తాయనుకుంటారు మన పిల్లలు. స్టాక్ ఎక్స్ఛేంజీల్లో మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలకు బోర్డు స్థాయిలో రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాల్సిందేనని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2021లో చెప్పింది, అంతకుముందు అది 500 వరకే. 5,000 కోట్లకు మించిన ఆస్తులున్న ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలు, చీఫ్ రిస్క్ ఆఫీసర్‌ను పెట్టుకోవాలని ఆర్‌బీఐ 2019లో చెప్పింది. అంటే మందుల కంపెనీలో, సిమెంటు కంపెనీలో, బంగారం లోన్లిచ్చే కంపెనీలో కూడా ఈ పని తెలిసినవాళ్లు కావాలి. ఆ కంపెనీలవాళ్లు గచ్చిబౌలి క్యాంటీన్‌లో దొరకరు, ఇలాంటి సభల్లో దొరుకుతారు. ఈ చదువు ఎన్నాళ్లు నిలుస్తుందో అన్న బెంగ మీకుంటే, 2004 జూలైలో మన సికింద్రాబాద్‌లోని గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద మారటోరియం పెట్టి, డబ్బు తీసుకోవడానికి ఆంక్షలు పెట్టిన రోజుల్లో మీ బ్యాంకు కౌంటర్ దగ్గర జనం ఏమడిగారో ఒకసారి గుర్తు చేసుకోండి. షేర్ మార్కెట్ వాళ్లకిచ్చిన అప్పులు ఆ బ్యాంకును ముంచాయి. అలాంటిది జరిగిన ప్రతిసారీ ఈ విభాగానికి మనుషులు పెరిగారే గానీ తగ్గలేదు.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు లేనిది మీ బిడ్డకు ఒకటుంది, అది కమిటీలో వాడమనండి. 2023 జూలై వానలకు హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు కాలనీల్లోకి నీళ్లొచ్చి ఏమైందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆర్‌బీఐ 2024 ఫిబ్రవరిలో బ్యాంకులు వాతావరణ రిస్కును ఎలా వెల్లడించాలో ముసాయిదా ఇచ్చింది, దాని మీద సభలు పెట్టేవాళ్లంతా లండన్ లెక్కలు, న్యూయార్క్ చార్టులు చూపిస్తారు. అక్కడ ఈమె లేచి, ఒక నాలా పొంగిన కాలనీలో ఇళ్ల లోన్లు, చిన్న షాపుల లోన్లు, పక్కనే పత్తి వేసిన రైతు క్రాప్ లోను ఏమవుతాయి, వాయిదా తప్పితే అది మోడల్‌లో ఎక్కడ కనిపిస్తుంది, ఈ సంగతి చెప్పడానికి వరంగల్‌లో బ్రాంచ్ మేనేజర్‌గా చేసినాయన్ను పిలుద్దాం అంటే, ఆ గదిలో అలా అడిగే మనిషి ఇంకొకరు ఉండరు. ఆ బ్రాంచ్ మేనేజర్‌ను వెతికిపెట్టే పని మీది, మీ పాత దోస్తుల్లో ఒకరైనా ఉంటారు.

నవంబర్ సంగతి. ఇక్కడ నేను మీ పక్షమే. పార్ట్ 2 అంటే 4 గంటల్లో 80 ప్రశ్నలు, పార్ట్ 1 పాసైన నాలుగేళ్లలో అది పాసవ్వాలి, తర్వాత రెండేళ్ల అనుభవం చూపిస్తే సర్టిఫికెట్. అనుభవం ఆమెకు ఉన్నట్టే. నాలుగేళ్లున్నాయి కదా అని నవంబర్‌ను జరపనివ్వొద్దు, ఒకసారి జరిపితే మళ్లీ మళ్లీ జరుగుతుంది. కమిటీ వాళ్లతో ముందే చెప్పమనండి: నవంబర్ పరీక్ష అయ్యేదాకా మినిట్స్ మాత్రం రాస్తాను, సభ బాధ్యత డిసెంబర్ తర్వాతి దానికి ఇవ్వండి అని. ఇలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్లలో సగంమంది ఆ పరీక్ష రాసినవాళ్లే. రాత్రి ఫోన్లకు కారణం కూడా చెప్తాను, మీరు నిద్ర పాడవుతోందని టెన్షన్ పడుతున్నారేమో. మన సాయంత్రం 7 అంటే న్యూయార్క్‌లో వేసవిలో పొద్దున తొమ్మిదిన్నర, హెడ్ ఆఫీసుతో కలిసి చేసే కాల్ అయితే అదే వేళ కుదురుతుంది. నవంబర్ మొదట్లో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు అదే కాల్ మనకు 8కి వస్తుంది. అర్ధరాత్రి కాల్ పెట్టే కమిటీ అయితే అది మర్యాద తెలియని కమిటీ, అక్కర్లేదు.

ఒప్పుకునే ముందు తన మేనేజర్‌కు, అలాగే కాంప్లయన్స్‌కు ఒక మెయిల్ పెట్టడం మర్చిపోవద్దు. ఇది జీతం లేని పనే కదా, చెప్పాలా అంటారు పిల్లలు. చెప్పాలి. బ్యాంకుల్లో బయటి పని ఏదైనా, డబ్బు ఉన్నా లేకున్నా, ముందే రాసి అనుమతి తీసుకోవాలనే నిబంధన చాలాచోట్ల ఉంటుంది, తర్వాత తెలిస్తే అదొక మచ్చ. సంఘం పేరు, ఏడాది గడువు, నెలకు ఎన్ని గంటలు, ఆఫీసు సమయంలో చేయనని, ఆఫీసు సమాచారం వాడనని నాలుగు లైన్లు చాలు.

ఏడాది అయ్యాక రెజ్యూమెలో 'వాలంటీర్, ప్రోగ్రామ్ కమిటీ' అని ఒక్క ముక్క పడేస్తే ఎవరూ చదవరు. 'వాతావరణ రిస్క్ మీద సభ: అంశం ఎంపిక, ఇద్దరు స్పీకర్లు, హాల్, హాజరు, సభ తర్వాత సభ్యుల అభిప్రాయాల నివేదిక, అన్నీ నా బాధ్యత' అని రాస్తే ఇంటర్వ్యూలో అక్కడే ఆగుతారు. మీ కంటే పెద్దవాళ్లతో అభిప్రాయభేదం వస్తే ఏం చేశారు అని అడిగే ప్రశ్న ఒకటి ఎక్కడికెళ్లినా ఉంటుంది, దానికి ఆఫీసు రహస్యం బయటపెట్టకుండా చెప్పగలిగే జవాబు కూడా ఆమె దగ్గర ఉంటుంది. కమిటీలో ఉన్నన్నాళ్లూ ఎవరినీ ఉద్యోగం మాత్రం అడగొద్దని చెప్పండి, అడిగిన రోజు నుంచి ఆమె ఫోన్ ఎత్తరు.

చివరగా గవర్నమెంటు బ్యాంకు. పీవో, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్ష రాయాలని ఆమెకే ఉంటే వేరే మాట, మీ కోసం రాయించొద్దు, రెండేళ్ల రిస్క్ అనుభవం వదిలేసి మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టినట్టవుతుంది. మీకు నిజంగా ప్రభుత్వ బ్యాంకే ఇష్టమైతే దానికి ఇంకో దారి ఉంది. ప్రభుత్వ రంగ బ్యాంకులు స్పెషలిస్ట్ ఆఫీసర్ల నోటిఫికేషన్లలో రిస్క్ మేనేజర్ పోస్టులు కూడా వేస్తుంటాయి, అర్హతల దగ్గర ఎఫ్‌ఆర్‌ఎం, పీఆర్‌ఎం పేర్లు ఎత్తి మరీ అడుగుతాయి, పని అనుభవం అడుగుతాయి. కమిటీ పనికి అక్కడ మార్కులేమీ కలపరు, అబద్ధం చెప్పను, ఇంటర్వ్యూ దాకా వస్తే మాట్లాడటానికి పనికొస్తుంది, అంతవరకే. కానీ పార్ట్ 2 పాసై, ఇంకో ఏడాది అనుభవం చేరాక ఆ నోటిఫికేషన్లకు ఆమె నేరుగా అప్లై చేయొచ్చు. వయసు పరిమితి, ఎన్నేళ్ల అనుభవం కావాలన్నది బ్యాంకును బట్టి, పోస్టును బట్టి మారుతుంది, అందుకని పాత నోటిఫికేషన్లు రెండు మూడు డౌన్‌లోడ్ చేసి మీరే చదివి పెట్టండి, బ్యాంకు భాష మీకు కొత్త కాదు. ఈ శనివారం ఆమె ఇంటికొస్తే అవి చూపించండి, కమిటీ వాళ్లు ఏ పని ఇస్తామన్నారో కూడా అప్పుడే అడగండి.